మద్దిలేటి ఫైలు, ఆగిన కృష్ణ

పిల్లలూ, మగ్గం మీద అంచుకు పువ్వు ఎక్కడ పడాలో చెప్పేది చిల్లుల అట్టలని నిన్న చూపించాను కదా. చిరిగిన అట్ట మార్చేటప్పుడు పాతదాన్ని ఏం చేస్తారు? పారేస్తారా? పారెయ్యరు, గోడ మొలకు తగిలిస్తారు. కొత్తది తప్పితే మళ్లీ అదే కుట్టుకోవాలి.

కంప్యూటర్లోనూ అలాంటిదొకటి ఉంది, లైబ్రరీ ఫైలు. ప్రోగ్రాములన్నీ అడిగి వాడుకునే ఒక్క ఫైలు. క్లాసంతటికీ ఒకే జామెట్రీ బాక్సు అనుకోండి.

తొంభై ఏడులో గద్వాలలో మా వీధి నేతగాళ్లంతా కలిసి అంచు బొమ్మలు గీసుకోవడానికి ఒక కంప్యూటర్ కొన్నారు. దాన్ని చూసుకునేది మద్దిలేటి, కర్నూల్లో మూడు నెలలు నేర్చుకొచ్చినవాడు. ఒక రోజు మా వీధిలోనే నేసే భాగ్యమ్మకు ఆయన అంచు బొమ్మ అచ్చేసివ్వాలి. పెళ్లి చీర, పది రోజులే గడువు, మగ్గం ఖాళీ. వెతుక్కుంటూ వచ్చిన ఆమెతో "జర ఆగక్కా" అంటూ ఆయన మాత్రం కురుమూర్తి చాయ్ దుకాణంలో కూర్చున్నాడు.

"పొద్దుగాల నేనేం చేసిన? పాత లైబ్రరీ ఫైలు తీసి, నా ఫ్లాపీల ఉన్నది ఎక్కించిన, గంతే. ఇగ ఏ ప్రోగ్రామైనా నా ఫైలును అడగంది కాలు కదపదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వనపర్తి నుంచి ఫోను, 'సార్, మా ఊరి కంప్యూటర్లన్నీ మీ ఫైలునే అడుగుతున్నయి' అని. సరే, వాడుకోండ్రి అన్న. గంతలనే పెబ్బేరు సంతల ఎడ్లు మొరాయించినయి. ముందు కుడికాలా, ఎడమకాలా? నా ఫైలును అడిగినంకనే అడుగేసినయి!"

"ఎడ్లకు ఫ్లాపీ ఏడ పెట్టినవ్ తమ్మీ?" అన్నాడు కురుమూర్తి.

"గది చెప్పరాదన్నా. ఇంకా విను. సోమశిల కాడ కృష్ణ లేదూ? గా మలుపుల ఎటు పారాల్నో తెల్వక నిలబడ్డది. నా ఫైలును అడిగింది, తొవ్వ దొరికింది, పడవలు కదిలినయి. ఇప్పుడు సూర్యుడు గూడ..."

"సూర్యుని సంగతి తర్వాత," అంది భాగ్యమ్మ. "నువ్వు తీసిన పాత ఫైలు ఏ మొలకు తగిలించినవ్?"

మద్దిలేటి గ్లాసులోకి చూశాడు. "అదా... చెరిపేసిన."

"నువ్వు మార్చినప్పటి సంది మా కంప్యూటర్ల ఒక్క ప్రోగ్రామూ తెరుచుకుంటలేదు. అందరూ నీ ఫైలునే అడుగుతరంటివి గద? అయితే ఎడ్లు నిలబడే ఉంటయి, కృష్ణ గూడ ఆగే ఉంటది. సోమశిలకు పోయి జర చూసి రాపో."

దుకాణమంతా నవ్వింది. భాగ్యమ్మ నవ్వలేదు. ఇంటికి పోయి వాళ్లత్త పాత చీర పరుచుకుని, పోగు పోగు లెక్కబెట్టి, గళ్ల కాగితం మీద చేత్తోనే అంచు గీసింది.

ఆ పెళ్లి మీ అమ్మదే. నా ఒళ్లో ఉన్నదే ఆ చీర. ఫాల్ ఊడితే సగం కుట్టి ఆపాను. చీర మీంచి కాళ్లు తియ్యండి, వెలుతురున్నప్పుడే కిటికీ దగ్గర కూర్చుని మిగతాది కుట్టేస్తాను.