తొమ్మిదో రోజు చుట్టాలు

మెక్సికోలోని కోసుమెల్ దీవిలో రిసార్టులకు దూరంగా ఉన్న సందు. తండ్రి పోయి తొమ్మిదో రోజు. సాయంత్రం ప్రార్థనకు వీధిలో కుర్చీలు వేశారు. వచ్చినవాళ్ళకి పెట్టడానికి తమాలెలు, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, బల్లమీద సర్దారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింటి గుమ్మంలో ఉన్నారు.

"అక్కా, ముందు వరసలో ఆ టూరిస్టు జంట ఎవరే?"

"ఊరు చూద్దామని ఇటొచ్చారట. కుర్చీలు, తమాలెలు చూసి హోటలనుకున్నారు. మెనూ అడిగారు."

"మరి చెప్పలేదా?"

"ప్రార్థన కుర్చీలో కూర్చున్నవాళ్ళని తిండి పెట్టకుండా లేపుతామా? చెరో రెండు తమాలెలు పెట్టాను."

"ఆవిడ నాన్న పటాన్ని ఫోటో తీస్తోంది. ఉండు, వెళ్ళి లేపేస్తా."

"ఆగవే. పొద్దుట్నించీ నీ కాలు ఒకచోట నిలవట్లేదు."

"నీది నిలుస్తోందా?"

"లేదు. అందుకే వడ్డిస్తున్నా. నాన్న ముప్పై ఏళ్ళు ఇలాంటివాళ్ళనే పడవలో తిప్పాడు. దిగేటప్పుడు ప్రతివాళ్ళతోనూ ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి అనేవాడు. అమ్మ ప్రతి ఆదివారం రెండు కంచాలు ఎక్కువ పెట్టేది. ఒక్కరైనా వచ్చారా?"

చెల్లెలు వీధిలోకి చూసి, ఒక గిన్నె అందుకుంది.

"ఆ మిరపకాయ పచ్చడి ఇలా ఇవ్వు."

"అది నాన్న తినేదే. వాళ్ళు తట్టుకోలేరు."

"వాళ్ళు నాన్న ఇంటికి భోజనానికొచ్చారుగా. నాన్న తినేదే తింటారు."