బరోనెజా ఒప్పుకున్న మనిషి

పాలబండి తోలే మనిషికి అంత నోరెందుకని ఊళ్ళో అందరూ బెలార్మీనోని దెప్పేవాళ్ళే. అయినా అతను వచ్చి నాలుగు కోతలు కొయ్యకపోతే ఆదివారం ఎవరికీ కాఫీ గొంతు దిగదు. అలాంటివాడు ఆ ఆదివారం జుల్మీరా వరండాలో కూర్చుని, కోతల సంగతే మర్చిపోయాడు. ఆమె కాపలాకి పెంచే ఫీలా జాతి కుక్క బరోనెజా, దూడంతది, తిన్నగా వచ్చి అతని ఒళ్ళో తల పెట్టేసింది మరి.

ఆ కుక్క ఇంటివాళ్ళని తప్ప ఎవర్నీ గేటు దాటనివ్వదు. ఫాదర్ గారు ఇల్లు దీవించాలన్నా రోడ్డు మీద నిలబడే దీవిస్తారు. జుల్మీరా భర్త పోయి ఏడేళ్ళయింది. ఆ తర్వాత ఇద్దరు పెళ్ళిమాట పట్టుకొచ్చి, కాలిజోళ్ళు వదిలేసి పరుగు లంకించుకున్నారు. "బరోనెజా ఒప్పుకోని మనిషి నా గడప తొక్కడు" అని ఆమె నవ్వుతూనే తేల్చేసింది.

ఈవేళ బెలార్మీనో కూడా ఆ పెళ్ళిమాట అడగాలనే వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని గేటు తీశాడు. కరుస్తుందనుకున్నది కాస్తా ఒళ్ళోకొచ్చి పడుకుంది. ఎందుకో అతనికే తెలీదు. అడగాల్సిన మాట నోట్లో పెట్టుకుని పిచ్చివాడిలా కూర్చున్నాడు.

"ఏం మందు పెట్టావన్నా దీనికి?" అన్నాడు జుల్మీరా తమ్ముడు జువెంటీనో.

అంతే, అడగాల్సిన మాట వెనక్కిపోయి కోత ముందుకొచ్చింది.

"మందా? చూపయ్యా, చూపు! ఓరోజు పొద్దున్నే మంచులో పాలక్యాన్ల కోసం వచ్చానా, ఇది గుర్రుమంది. నేను అదరలేదు, బెదరలేదు. 'ఏమ్మా, కాఫీ తాగావా?' అన్నాను. అంతే, కూలబడిపోయింది. ఇంతవరకూ నిజమేనా కాదా?"

"సరేలే, ఇంతవరకూ ఒప్పుకున్నాం" అంది ఎపొనీనా. ఆవిడ జుల్మీరా మావగారి చెల్లెలు, ఆ ఇంట్లోనే ఉంటుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు కొండెక్కుతుంటే నా కంచరగాడిద మొరాయించింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఇది! గేటు దూకి నా వెనకాలే వచ్చేసింది. గాడిదని పక్కకి నెట్టి, కాడి కింద తనే మెడ పెట్టి, పదహారు క్యాన్లూ చుక్క తొణక్కుండా పైకి లాగేసింది."

"గాడిదేం చేసింది?"

"ఏం చేస్తుంది పాపం, సిగ్గుపడి బండెక్కి కూర్చుంది. ఇంతలో పొదలోంచి చిరుత! బరోనెజా దాని చెవి పట్టుకుంది. ఫీలా సంగతి మీకు నేను చెప్పాలా, పట్టుకుంటే చంపదు, వదలదు. చూస్తే అది ఆడ చిరుత. చేతిలో ఖాళీ క్యాను ఉంది, ఊరికే ఎందుకు పోనివ్వాలని కూర్చుని రెండు లీటర్లు పిండాను."

జువెంటీనోకి కాఫీ ముక్కులోకి పోయింది. "ఎవరికి పోశావన్నా ఆ పాలు?"

"మీ ఇంటికే! ఆ వారం జున్ను కాస్త ఘాటుగా లేదూ? అప్పుడు పట్టుకుంది వాన, వడగళ్ళు! ఇంతింత! దీని మెడ కింద మడతలు చూశారా? ఒక్క మడత ఎత్తి నేను దూరాను, రెండో దాంట్లో గాడిద, మూడో దాంట్లో క్యాన్లూ. వెచ్చగా మూడు రోజులు..."

"చాల్లెండి బెలార్మీనో గారూ" అంది జుల్మీరా.

ఆమె తలుపు దగ్గర చీజు బన్నుల పళ్ళెంతో నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందింది, పొయ్యి దగ్గరి నుంచి వచ్చినందుకు మాత్రమే కాదు.

"అది మీ చూపూ కాదు, చిరుతా కాదు. జూన్‌లో చలి ముదిరినప్పుడు గేటు బయట నా బండి చక్రం బాగుచేసి, మీ స్వెట్టర్ కళ్ళం గోడ మీద మర్చిపోయి వెళ్ళారు. అప్పట్నుంచీ అది దీని పక్కలోనే ఉంది. నేనే పరిచాను. రోజూ దాని మీదే పడుకుంటోంది."

ఎపొనీనా చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఫీలాలు ఉన్న ఇళ్ళలో కొత్త కోడలు రాబోతున్నా, బిడ్డ పుట్టబోతున్నా, వాళ్ళ బట్ట ముందుగా కుక్క పక్కలో పరిచి వాసన అలవాటు చేస్తారు. ఇంట్లో ఉండిపోయే మనిషికే తప్ప వచ్చిపోయేవాళ్ళకి ఎవరూ పరవరు. జన్మలో కుక్కని పెంచని బెలార్మీనోకి ఆ సంగతి తెలీదు. ఎపొనీనా ఎందుకు కళ్ళు తుడుచుకుంటోందో కూడా తెలీలేదు.

"ఎన్నాళ్ళయిందే పరిచి?" అందావిడ.

"నాలుగు నెలలు, పిన్నిగారూ."

"మొద్దుమొహమా, జుల్మీరా నిన్ను ఇంట్లోకి రమ్మంటోందయ్యా!" అని ఆవిడ బెలార్మీనో భుజం మీద ఒక్కటిచ్చింది.

అతను కుక్క తల నిమురుతూనే ఉన్నాడు. చివరికి తల వంచుకుని, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు.

"మర్చిపోలేదు జుల్మీరా. మళ్ళీ రావడానికి ఒక వంక ఉంటుందని వదిలేసి వెళ్ళాను. అడగడానికే ధైర్యం చాల్లేదు."

వరండాలో ఎవరూ నవ్వలేదు. జుల్మీరా పళ్ళెం పక్కన పెట్టి అతని పక్కన కూర్చుంది.

జువెంటీనో కప్పు నిండా కాఫీ పోసి అతనికి అందించాడు.

"ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పావు బావా."