చల్లబడిన మన్ను

కనగానపల్లి దగ్గర పక్కపక్క చేలున్న ఒక ఆడమనిషీ ఖాజన్నా గట్టు మీద నిలబడ్డారు. ఆమె తన చేనిలోని మొక్కజొన్న దంటును కొడవలితో చీల్చి చూపింది.

“చూడు ఖాజన్నా, లోపలంతా తెల్లగా ఉండాది. నీ బోరు నీళ్లతోనే మన్ను చల్లబడింది.”

“ఎండకు మన్ను కాలితే వేర్లకు బూజు పట్టి లోపలంతా నల్లబడతాది గదమ్మా. అల్లా దయ.”

“నీదీ ఒకటి చీల్చన్నా.”

“ఎందుకులేమ్మా.”

ఆమే అతని చేనిలో ఒక దంటు పీకి చీల్చింది. చేతివేళ్లకు మసి అంటింది.

“వేరంతా నల్లగా కుళ్లిపోయిందే. ఒక చేనికే సాలే నీళ్లు నాకెందుకు ఇస్తివన్నా?”

“మీ ఆయన పోయినాక నువ్వు పెట్టిన మొదటి పంట గదమ్మా. నాకు ఆవులన్నా ఉండాయి.”

“అయితే నా సొప్పంతా వాటికే. కంకులు విరిచేటప్పుడు నువ్వూ గోనెసంచులు తెచ్చుకో. ఖాళీగా పోతే నేనూరుకోను.”