చీకటి హాల్ల తీసిన ఫోటో

మోత్కూర్ బస్టాండు ఎదురుంగ జాఫర్ చాయ్ హోటల్ల కూసున్నడంటే పర్వతాలుకు నోరు ఊకుండదు. ఆయన పని ఫోటో స్టూడియో. అందరి చేతులల్ల ఫోన్లొచ్చినంక పెండ్లిండ్లకు పిలిచేటోళ్లు తగ్గిండ్రు, కొన్ని నెలల సంది పాస్‌పోటు ఫోటోలే దిక్కయినయ్. అసుంటిది ఆ పొద్దు కూచిపూడి నేర్పే నవనీత మేడం, డిగ్రీ చదివే శిష్యురాలు పూజను ఎంటవెట్టుకొని హోటల్లకొచ్చి, "ఫోటోల పర్వతాలు అంటే ఎవరు?" అనంగనే, చేతిల చాయ్ లాగు మీద ఒలికింది గూడ సూస్కోకుండ లేసి నిలవడ్డడు.

"నేనే మేడం. కూసోండ్రి. జాఫర్ భాయ్, రెండు మలాయి చాయ్!"

మేడం కష్టం ఒక్కటే. ఆమె దగ్గర నేర్చుకునే పిల్లల ప్రోగ్రాం ఉంది, దొరికిన ఫంక్షన్ హాల్లనేమో వెలుతురు తక్కువ. కిందటేడు తీసినాయన ఫోటోలల్ల పిల్లలు దయ్యాలలెక్క వచ్చిండ్రు, ఒక్కొక్కలకు నాలుగేసి చేతులు.

"చీకటి హాల్ల, గిరగిర తిరిగే పిల్లల్ని, మొఖం మొఖంలెక్క తీయొస్తదా అన్నా?"

పర్వతాలు టక్కున ఫోన్ తీసి ఒక ఫోటో ముందల వెట్టిండు. వెనకంత కాటుకలెక్క నలుపు. ఆ నలుపుల ఆర్గురు ఆడపిల్లలు గజ్జెలు గట్టుకొని భూమికి మూరెడు పైన గాల్ల ఉన్నరు. కుచ్చిళ్ల మడత గూడ చెదరలే. నడిమి పిల్లయితే అందరికన్న పైకి లేసింది, కండ్లు ఇంతింత జేస్కొని.

"అబ్బ! ఏడ తీసినవ్?" అన్నది మేడం.

"హుజూర్‌నగర్ల, కొన్నేండ్ల కింద ఓ స్కూలు ఫంక్షన్ల. ఏదో చిన్న పని మేడం, చెప్పుకునేటంతది గాదు."

"అయినా చెప్పు," అన్నడు కిష్టయ్య. రోజూ ఆ బల్ల మీద సగం పొద్దు గడిపే ముసలాయన, పర్వతాలు నోరు ఎట్ల తెర్వాల్నో ఆయనకు బాగ ఎర్క.

"హాల్ల ఒక్కటే ట్యూబ్‌లైటు మేడం, అదిగూడ నిద్రకొచ్చినోడు కన్ను గొట్టినట్టు కొట్టుకుంటాంది. స్టేజీ మీద రంగులైట్లు తిరుగుతాంటే పిల్లల మొఖాలు ఓపాలి టమాటలు, ఓపాలి వంకాయలు. ఫ్లాష్ గొడితే సున్నమేసిన గోడలయితయ్. ఇగ ఊపిరి బిగవట్టి, స్తంభానికి ఒరిగి, తాళం ఏడ వడ్తదో, పిల్ల తిరిగి తిరిగి ఏడ ఆగుతదో, సరిగ్గ ఆ సందుల బటన్ ఒత్తిన. గంతే."

మేడం తల ఊపింది. ఆడ ఆగినా పని ఆయనకే దొరుకుతుండె. కానీ కిష్టయ్య, "గంతేనా?" అన్నడు. ఆ మాట పర్వతాలుకు తేలు గుట్టినట్టయింది.

"గంతేనా అంటవా? ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కరెంట్ పోయింది! జనరేటర్ దగ్గి సచ్చింది! నా చెయ్యి నాకే కనవడ్తలే. అప్పుడు చెవులతోటి ఫోకస్ జేసిన. గజ్జెలు ఎడమకు ఘల్లుమంటే కెమెరా ఎడమకు, కుడికి ఘల్లుమంటే కుడికి."

"వెలుగు లేకుంటే ఫోటో ఎట్ల వడ్తది భాయ్?" చాయ్ వడవోసుకుంట అడిగిండు జాఫర్.

"అడిగినవ్ సూడు, గదే ముచ్చట! ముందువరుసల ఓ అవ్వ కూసుంది. ముక్కుపుల్ల మిణుక్కుమన్నది. 'అవ్వా, నీ కాళ్లు మొక్కుత, జర మొఖం స్టేజీ దిక్కు తిప్పు' అన్న. తిప్పింది. స్టేజంత పట్టపగలు!"

"చీకట్ల ముక్కుపుల్ల ఎట్ల మెరిసింది?"

"నిజాం కాలపు రాయి భాయ్, ఇప్పటియి గావు. ఇగ గప్పుడే ఈ నడిమి పిల్ల ఎగిరింది. సరిగ్గ గప్పుడే నా కెమెరా బ్యాటరీ అయిపాయె! ఏం జెయ్యాలె? 'అమ్మా, జర గాల్లనే ఆగు తల్లీ' అన్న. బంగారుతల్లి, ఆగింది. బజార్లకు వోయి కొత్త బ్యాటరీ గొనుక్కొచ్చిన. వచ్చేవరకు గాల్లనే ఉంది, తాళం గూడ తప్పలే."

"పోయినోడివి చాయ్ గూడ తాగొచ్చినవా?" అన్నడు కిష్టయ్య.

"సగమే తాగిన. పిల్ల ఎదురుజూస్తాంది గద!"

మేడం కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. మెచ్చుకుంటాంది అనుకున్నడు పర్వతాలు. ఇగ ఆయన కాళ్లు గూడ భూమ్మీద లెవ్వు.

"ఆఖరుకు ఫ్లాష్ గొట్టిన మేడం. ఒక్కటే! కృష్ణ అవతలి ఒడ్డు దాంక వెలుగువోయింది. ఊర్లల్ల కోళ్లన్ని కూసినయ్. తెల్లారిందని ఆడోళ్లు వాకిట్ల సాన్పు జల్లిండ్రు, బర్లు ఇంకోపాలి పాలిచ్చినయ్, పొద్దుతిరుగుడు చేన్లన్ని హాలు దిక్కు తిరిగినయ్! కరెంటోళ్లు జీపేసుకొచ్చి, 'ఈ లైను ఏడికెల్లి గుంజినవ్?' అని నా గల్ల వట్టిండ్రు. అవ్వ అడ్డమొచ్చి ఇడిపిచ్చింది."

గప్పటిదాంక సాసర్ల చాయ్ ఊదుకుంట కూసున్న పూజ, ఫోన్ దగ్గరికి గుంజుకున్నది.

"అన్నా, ఈ నడిమి పిల్ల ఇయ్యాల ఎదురైతే గుర్తువడ్తవా?"

"గుర్తువట్టకేంది? నా బిడ్డలాంటిది. వెయ్యి మందిల నిలవెట్టినా వడ్త!"

"నేనే అన్నా."

కిష్టయ్యకు చాయ్ ముక్కులకెక్కింది. పర్వతాలు గుండె గూడ జారింది గని, నోరు జారలే.

"అగో! సాక్షమే నడుసుకుంట వచ్చె! నువ్వే చెప్పు తల్లీ, గాల్ల ఆగినవా లేదా?"

"ఆగకుంట ఎట్లుంట అన్నా? హాల్ల నువ్వు తీసినయన్ని నల్లగనే వచ్చినయని, ఏప్రిల్ల, మిట్టమధ్యాన్నం, మమ్మల్నందర్ని బండ్లు వెట్టే జాగకు తోల్కపోయినవ్. సిమెంటు గచ్చు మీద వట్టికాళ్లతోటి నిలవెట్టినవ్. కింద కాలు వెడ్తె సుర్రుమంటాంది, ఎగరక ఏం జెయ్యాలె? వెనక మా సారు బుల్లెట్ బండి ఉండె, దాంతోటి వెనకంత కంప్యూటర్ల నల్లగ జేసినవ్."

జాఫర్ గంటె కింద వడ్డది. కిష్టయ్య బల్ల మీద బోర్ల వడి నవ్వవట్టిండు. మేడం కండ్లల్ల నీళ్లు తుడుసుకొని, ఫోన్ పర్వతాలు చేతిల వెట్టింది.

"అంత బాగనే ఉంది గని పర్వతాలన్నా, మా ప్రోగ్రాం చలికాలంల. గచ్చు మంచులెక్క ఉంటది. మా పిల్లల్ని ఎట్ల ఎగిరిపిస్తవ్?"