పేరు గడిలో చుక్క

మంగళవారం ఉదయం పదీ నలభైకి సముద్రతీరపు ఊరు బరాంకియాలో ఒక సిమెంటు కంపెనీ మీటింగు గదిలో హిమేనా అర్బెలాయెస్ కడుపు పట్టుకుని పడిపోయింది. ఆమె రాజధాని బొగొటాలోని ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగి. సహోద్యోగి ఫాబియాన్ తొవార్ ఆమెను టాక్సీలో క్లినిక్‌కు తెచ్చాడు. పదకొండుంబావుకి అడ్మిషన్ కౌంటర్‌లో గుమాస్తా నోయెమీ అతన్ని అడుగుతూ ఫారం నింపుతోంది.

"రెండో ఇంటిపేరు?"

"అర్బెలాయెస్ అని రాసుకున్నారు కదమ్మా."

"అది తండ్రిది. తల్లిది అడుగుతున్నాను."

"తెలీదు."

"వయసు?"

"ముప్ఫై... ముప్ఫై రెండు వేసుకోండి."

"వేసుకోవడానికి ఇదేమన్నా లాటరీ టిక్కెట్టా నాయనా? గుర్తింపు కార్డు?"

"హోటల్లో ఉండి ఉంటుంది. ఫోను మీటింగు గదిలోనే..."

"మరి ఆ సంచిలో?"

"ఆమె ల్యాప్‌టాప్."

"మనిషి పడిపోతే ల్యాప్‌టాప్ తెచ్చావు."

"పన్నెండున్నరకి ప్రెజెంటేషన్ ఉందమ్మా. అంతా దాన్లోనే ఉంది."

"బొగొటా వాడివనిపించుకున్నావు. సరే. ఆమెకి ఏ మందైనా పడదా? డాక్టరు అదే అడుగుతున్నాడు. అపెండిక్స్ వాచింది, గంటలోపు ఆపరేషన్ చెయ్యాలి. ఆమెని అడిగితే నొప్పిలో ఏదేదో అంటోంది."

"ఏమంటోంది?"

"పదిహేడో పేజీ మార్చమంటోంది."

"మార్చాను. మార్చానని చెప్పండి."

"మందు సంగతి నాయనా."

"తెలీదు."

"ఎన్నాళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు?"

"ఎనిమిది నెలలు. సోమవారం పొద్దున విమానంలో వస్తాం, గురువారం వెళ్తాం. పక్కపక్క సీట్లే."

"ఎనిమిది నెలలు పక్కన కూర్చుని ఏం మాట్లాడుకున్నారు?"

"పని. కాఫీలో చక్కెర వేసుకోదు. పెన్ను మూత కొరుకుతుంది. పేరు లేకపోయినా ఆమె రాసిన పేజీ నేను పోల్చుకోగలను."

"అది ఈ ఫారంలో ఎక్కడ రాయమంటావు?"

"అది కాదమ్మా..."

"ఇంతకీ ఏం పని మీది?"

"కంపెనీలకి సలహాలిస్తాం. ఎక్కడ మనుషులు ఎక్కువున్నారు, ఎక్కడ..."

"ఇక్కడ తక్కువున్నారు, రాసుకో. ఆపరేషన్ అయ్యాక ఆమె పక్కన ఒకరు ఉండాలి. నీ నంబరు చెప్పు."

"నాదెందుకు? నేను బంధువుని కాదు. స్నేహితుణ్ణి కూడా... కలిసి పనిచేస్తాం, అంతే. శుక్రవారం నుంచి అదీ లేదు. నన్ను వేరే టీములో వేశారు."

"ఆమెకి తెలుసా?"

"ప్రెజెంటేషన్ అయ్యాక చెబుదామని."

"మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. ఇంట్లో వాళ్ళ నంబరు ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది."

"చేస్తున్నాను. హలో, హెచ్ఆరేనా? ఫాబియాన్ తొవార్‌ని. హిమేనా వాళ్ళింట్లో ఎవరిదైనా నంబరు... తను క్లినిక్‌లో ఉంది. ఏమిటి, నాకివ్వకూడదా? సరే, ఉండండి. అమ్మా, సొంత వివరాలు నాకు చెప్పరట. మీకైతే చెబుతారట."

"ఇటివ్వు. ఆఁ, అడ్మిషన్ నుంచి నోయెమీని. చెప్పండమ్మా. పేరు? అదేమిటి? మరి వరస? ఊఁ. అంతకుముందు? అయ్యో. నంబరు చెప్పండి, రాసుకుంటున్నాను. మంచిది. ఇదిగో నాయనా, నీ ఫోను."

"ఎవరట?"

"పేరు లేదు. పేరు గడిలో చుక్క పెట్టిందట. ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదట. కింద 'స్నేహితుడు' అని, ఒక నంబరు. జూన్‌లో మార్చింది. అంతకుముందు వాళ్ళమ్మ నంబరు ఉండేదట. ఆవిడ పోయారట."

"జూన్‌లోనా?"

"జూన్‌లోనే."

"రెండ్రోజులు సెలవు పెట్టింది. సొంత పనంది. బుధవారానికి వచ్చేసింది. ఆ రోజు మీటింగులో అంతా తనే చెప్పింది."

"నువ్వేమీ అడగలేదా?"

"ప్రయాణం బాగా జరిగిందా అని అడిగాను."

"ఏమంది?"

"బాగా జరిగిందంది."

"సరేలే. మందు సంగతి ఈ స్నేహితుడికైనా తెలుసేమో. ఇక్కడి ఫోన్లోంచి చేస్తున్నాను."

"అయితే నేను వెళ్ళొచ్చామ్మా? ఆయన వస్తాడు కదా. కింద టాక్సీ ఆగి ఉంది."

"అతను ఎత్తేదాకా ఉండు. మోగుతోంది."

"నాకూ ఏదో కాల్ వస్తోంది. సిమెంటు కంపెనీ వాళ్ళయ్యుంటారు. కాదే, వాళ్ళదైతే పేరు వస్తుంది. ఇది ఈ ఊరి నంబరే, పేరు రావడం లేదు. ఈ ఊళ్ళో నాకు వేరే ఎవరూ తెలీదు."

"ఎత్తు నాయనా. అది నేనే."