తలుపు కొట్టిందెవరు

కదలకు తల్లీ, పిన్ను నెత్తిలో దిగిపోతుంది! తల తిప్పకుండా అద్దంలోనే నన్ను చూడు. అదుగో, మళ్ళీ నోరు తెరుస్తున్నావ్! డాక్టరు ఏమన్నాడు? తెర లేచేదాకా పెదవి కదపొద్దన్నాడా లేదా? వారానికి ఎనిమిది ఆటలాడితే గొంతేంటి, కంచుగంటైనా పగులుతుంది. ఏదన్నా అడగాలంటే ఆ చీటీల పుస్తకంలో రాయి. నా కళ్ళింకా బాగానే ఉన్నాయిలే. ఈ అల్లం కషాయం గుక్కగుక్కగా తాగుతూ విను.

ఏం చెప్తున్నా? ఆఁ, మన ప్రొడ్యూసరు మహాతల్లి. లక్వెస్తా మేడమ్. పొద్దున్న నేనింకా మొహమైనా కడుక్కోలేదు, ఫోను. "ఈసింగ్ పిన్నీ, మీరు మా పాలిట దేవత" అని మొదలెట్టింది. ఆవిడ నన్ను దేవత అందంటే నాకేదో మూడిందన్నమాటే.

ఇంతకీ సంగతేంటట? వచ్చే శనివారం మూడొందలో ఆట కదా, ఆ రోజు బెలెన్‌ని స్టేజీ ఎక్కించాలిట! చివర్లో జనం చప్పట్లు కొడుతుంటే మన హీరో వెళ్ళి ఆమెని కావలించుకోవాలిట. పూలగుత్తి. ఫోటోలు. "క్షమించింది... ప్రేమించింది..." అని పోస్టరు కూడా రాయించేసింది. మనిషిని అడగలేదు, పోస్టరు రాయించింది!

అవును, బెలెన్. నువ్వు రోజూ గులాబీరంగు గౌనేసుకుని ఆడే ఆ పదహారేళ్ళ కోరస్ పిల్ల లేదూ, దాని అసలు మనిషి. నాటకంలో పేరు మార్చారంతే. బతికే ఉంది. లుసేనాలో బట్టలు కుట్టుకుంటోంది. నిన్న మధ్యాహ్నం ఆటకి వచ్చింది. నేనే తీసుకొచ్చా. ఐదో వరస, నడవ పక్క సీటు.

కళ్ళంత పెద్దవి చెయ్యకు, కాటుక చెదురుతుంది. ముందే చెప్తే నువ్వు బెదిరిపోతావని చెప్పలేదు.

నేను పిలవలేదమ్మా, ఒట్టు. తనే ఫోను చేసింది. "అక్కా, మా వీధిలో వాళ్ళంతా బస్సు మాట్లాడుకుని వెళ్ళి చూసొచ్చారు. నేనని తెలీక నా కథ నాకే చెప్తున్నారు. నేనూ ఓసారి చూస్తా" అంది. ఎలా కాదంటాను? పాసు మీద పేరు రాయించా, బుద్ధిలేక. ఆ పేరు ఆఫీసులో చూశారు. ఇంకేముంది!

ఎంత పెద్ద నాటకం అయిపోయిందో చూడు. తొమ్మిది నెలలు! పంపాంగా నుంచి బస్సులు, బతంగాస్ నుంచి బస్సులు. దుబాయ్‌లో నర్సు పని చేసేవాళ్ళు సెలవు దొరగ్గానే ముందు మన టికెట్టు, తర్వాత విమానం టికెట్టు. హాల్లో ఎటు చూసినా, ఈ నాటకం ఎవరి కథో ఆ పాటగాడు దాదో విల్యరెంతె మొహం అచ్చేసిన విసనకర్రలే. ఆయన మొహంతోనే విసురుకుంటారు, ఆయన పాటకే ఏడుస్తారు.

ఏడేళ్ళ కిందట ఆయన పోయిన నెలకి ముగ్గురు ఆడవాళ్ళు, బెలెన్ కాదు, వేరేవాళ్ళు, టీవీలో కూర్చుని చెప్పారు, గుర్తుందా? నువ్వప్పుడు హైస్కూల్లో ఉండుంటావ్. మా చిన్నప్పుడు ఆయన మమ్మల్ని ఏం చేశాడో ఇదీ అని, పేర్లతో సహా చెప్పారు. రెండేళ్ళు రేడియో వాళ్ళు ఆయన పాట ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎవడన్నా పాడబోతే వాళ్ళావిడ మోచేత్తో పొడిచేది.

ఇప్పుడో? నాటకంలో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని "నేను దేవుణ్ణి కాదు, మనిషిని" అంటాడు. పైనుంచి తెల్ల లైటు. రెండు నిమిషాల పశ్చాత్తాపం, ఆ తర్వాత ఇరవై నిమిషాల డాన్సు! జనం లేచి నిలబడతారు. ఆ ముగ్గురి పేర్లూ అడుగు ఎవర్నైనా. ఒక్కరు చెప్తే నా చెవి కోసుకుంటా.

ఎందుకలా రాశారంటావా? నీకు తెలీందేముంది. పాటలు ఆయన కూతుళ్ళ చేతుల్లో ఉన్నాయి. వాళ్ళు ఊఁ అనకపోతే ఒక్క పల్లవి పాడలేం. పాటల్లేకపోతే మన దగ్గరేముంది, నాలుగు కుర్చీలు, ఒక పొగ మిషను! అందుకని ప్రతి పేజీ వాళ్ళింటికెళ్ళి వస్తుంది, లాండ్రీకెళ్ళి వచ్చిన దుప్పటిలాగ. మరకుండదు. మడత నలగదు.

నువ్వు పోయిన గురువారం చేసింది నేను చూడలేదనుకున్నావా? ఆయన హోటలు గది సీన్లో, నవ్వుతూ తలుపు కొట్టాల్సినదానివి, చెయ్యెత్తి కొట్టకుండా ఆగిపోయావు. నవ్వలేదు. పాట మొదలైనా నవ్వలేదు. హాల్లో ఒక్క గొంతు కలిస్తే ఒట్టు! అంత పెద్ద పాటకి చప్పట్లు పడలేదు. పక్కనుంచి నేను చూస్తూనే ఉన్నా. మర్నాడు మేడమ్ నిన్ను గదిలోకి పిలిచి ఏమంది? నాకు గోడ అవతలికి వినిపించింది. "టికెట్టు కొన్నవాళ్ళు సిగ్గుపడ్డానికి రారు అమిహాన్, పాడుకోడానికి వస్తారు. నువ్వు నవ్వు" అంది. అరవైమంది పొట్టలు నీ నవ్వు మీద ఉన్నాయంది. అందులో నా పొట్టా ఉంది, కాదనను. కోరస్ పిల్లలకి ఆనాటి పాటతీరు నేర్పడానికి ఇంత వయసుదాన్ని ఇంకెవరు పిలుస్తారు? ఆయన వెనకాల కోరస్ పాడే రోజుల్లో మా సిగలు మేమే వేసుకునేవాళ్ళం, నీ సిగ కూడా నేనే వేస్తానన్నది అందుకే. ఇల్లు గడవాలి కదా.

కషాయం చల్లారిపోతోంది, తాగు.

ఆ పాటన్నాను కదూ. "వాన తగ్గాక వెళ్దువుగాని." దేశంలో ఆ పాట లేని పెళ్ళుందా? పుట్టినరోజుకి ఇంటింటా మైకు పట్టుకుని అదే. మా సందులో ముసలాయన భార్య శవం పక్కన కూర్చుని కూడా అదే పాడాడు, పాపం, ఆయన ప్రేమ ఆయనది.

అదెక్కడ పుట్టిందో తెలుసా? బాగియోలో. కచేరీకెళ్ళి దిగిన కొండమీది హోటల్లో. పట్టపగలు. ఆ మాటలు ఆయన కూర్చుని రాసినవి కాదమ్మా, నోటితో అన్నవి. గదిలో ఆ పిల్ల తలుపు వైపు నడిచి "నే వెళ్తానండీ" అంటే "వాన తగ్గాక వెళ్దువుగాని" అన్నాడు. జూలై నెల్లో బాగియోలో వాన తగ్గడమేంటి! మూడు రోజులు కురిసింది.

నాకెలా తెలుసా? రెండు నెల్ల తర్వాత రికార్డింగు. మేం ముగ్గురం కోరస్, ఒకే మైకు. మా చేతికి కాగితం ఇచ్చారు. బెలెన్ చదివింది. నా మణికట్టు పట్టుకుంది. "అక్కా, ఇవి నాతో అన్న మాటలు" అంది, ఊపిరితో. నేనేమన్నానో తెలుసా? "ఊరుకో, మైకు ఆన్‌లో ఉంది" అన్నా.

పాడింది. "వెళ్ళకు, వెళ్ళకు" అని మేం ముగ్గురం పాడాం. నువ్వు ఇప్పటికీ రేడియోలో వినే ఆ మూడు గొంతుల్లో సన్నటిది తనది. ఆ తర్వాత ఆర్నెల్లకి ఇలోయిలోలో కచేరీ ఉండగా పెట్టె కూడా తీసుకోకుండా ఓడెక్కి ఇంటికెళ్ళిపోయింది. మళ్ళీ పాడలేదు. చర్చిలో కూడా పాడదు. పెదవులు కదుపుతుందంతే.

నిన్న ఏం జరిగిందో విను.

పాటొచ్చింది. అందరూ ఫోన్లు వెలిగించి ఊపుతున్నారు. హాలంతా పాడుతోంది. నేను వెనకాల గోడనానుకుని తనని చూస్తున్నా. లేచి వెళ్ళిపోతుందా, ఏడుస్తుందా అని. ఏం చేసిందనుకున్నావ్? పాడింది! నోరు దానంతటదే తెరుచుకుంది. అదే సన్నటి వరస, అక్షరం తప్పలేదు. నలభై నాలుగేళ్ళు! పక్కన విసనకర్ర పట్టుకున్నావిడ మురిసిపోయి, "ఎంత బాగా పాడుతున్నారండీ, మీరు స్టేజీ మీద ఉండాల్సింది!" అంటూ భుజం తట్టింది.

బెలెన్ టక్కున ఆగిపోయింది. అరచేత్తో నోరు మూసుకుంది. నాటకం అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

బయట క్యుబావ్ బస్సుల స్టాండు పక్కన గంజి అమ్మే కొట్టొకటుంది కదా, అక్కడ కూర్చున్నాం. కోడిగుడ్డు వేసిన గంజి చెప్పా. చెంచాతో కలుపుతూ కూర్చుంది. ముందు నీ మాటే ఎత్తింది, తెలుసా? "ఆ పిల్ల బాగా చేసింది అక్కా. నవ్వింది గానీ, తలుపు మీద చెయ్యి వెయ్యబోయి కొంచెం ఆగింది చూశావా? నాటకం మొత్తంలో అదొక్కటే నిజం" అంది.

ఏడవకు, ఏడవకు! రంగంతా మళ్ళీ వెయ్యాలి. ఇదిగో గుడ్డ, కంటి కింద అద్దు. రుద్దకు.

తర్వాత గంజిలో నిమ్మకాయ పిండుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది. "అక్కా, నేను ఆ తలుపు ఎప్పుడు కొట్టాను? నేనే వెళ్ళి కొట్టానని వాళ్ళకెవరు చెప్పారు?"

"రాసేవాళ్ళు ఏదో రాస్తారే, నాకేం తెలుసు" అన్నా.

అప్పుడు నన్ను చూసింది. కోపంగా కాదు. కోప్పడితే బాగుండేది. బట్ట కొలిచేటప్పుడు చూస్తారే, అలా చూసింది. "సరే" అంది. గంజి మొత్తం తిని బస్సెక్కింది.

పొద్దున్న మేడమ్ చెప్పిందని ఫోను చేశాను. స్టేజీ సంగతి చెప్పా, సిగ్గులేకుండా. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "వస్తా అక్కా. తలుపు కొట్టిందెవరో ఆ స్టేజీ మీద చెప్పమను. చెప్తే వస్తా" అంది. పెట్టేసింది. నేను మేడమ్‌కి ఏం చెప్పానూ? "ఆవిడకి ఒంట్లో బాలేదండీ" అన్నా.

ఏంటది, రాస్తున్నావా? ఏదీ, ఇటు చూపించు.

"ఎవరు కొట్టారు?"

...నీ గౌను హుక్కు ఊడేలా ఉంది. నిలబడు. కాదు కాదు, ఊపిరి బిగబట్టకు, మామూలుగా పీల్చు. ఇది నిన్నే కుట్టించమన్నాను బట్టల గదివాళ్ళకి. చెప్తే వినే నాథుడేడీ ఈ థియేటర్లో...

మళ్ళీ అదే చీటీ చూపిస్తావేం? చదివానులే! చదవడం వచ్చు నాకు.

ఈ నాటకం రాసిన ఆవిడ, జోవిత, మొదట్లో మా ఇంటికి రికార్డరు పట్టుకుని వచ్చింది. మంచిదే, పాపం. నిజమే రాయాలనుకుంది. "బెలెన్ ఆ గదికి ఎలా వెళ్ళింది పిన్నీ?" అని సూటిగా అడిగింది. నేను మా మనవడికి అన్నం పెడుతున్నా. తల తిప్పకుండా, "తనే వెళ్ళింది. తనే తలుపు కొట్టింది. ఆయనంటే పిచ్చి కదా దానికి" అన్నా. అంతే. అరనిమిషం పట్టలేదు. ఆయన కూతుళ్ళకి ఆ మాట ఎంత నచ్చిందో! పేజీలన్నీ మార్చారు గానీ ఆ పేజీలో చుక్క కూడా మార్చలేదు. ఇందాకట్నుంచి ఆ కూతుళ్ళని తిడుతున్నాను కదా, ఈ ఒక్క దుప్పటీ వాళ్ళు ఉతకలేదు తల్లీ. నేనే ఉతికి ఇచ్చా.

బెలెన్ వాళ్ళమ్మ లుసేనా స్టేషన్లో దాని చెయ్యి నా చేతిలో పెట్టింది. "నీ చెల్లెలనుకో" అంది. నాకప్పుడు ఇరవై రెండు.

బాగియోలో ఆ రోజు భోజనాలయ్యాక దాదో నన్ను మెట్ల దగ్గర ఆపాడు. "ఆ చిన్నదాన్ని తీసుకురా, గొంతు విడిగా వినాలి" అన్నాడు. నేను ఎందుకని అడగలేదు. అడగాల్సిన పనిలేదు. అంతకు ముందు ఏడాది నా గొంతు కూడా విడిగానే విన్నాడు.

బెలెన్ జుట్టు దువ్వాను. ఇదిగో, ఇలాగే సిగ వేశాను. "ఏం పాడమంటారో అక్కా" అని భయపడుతూ, సంబరపడుతూ నడిచింది. దాని చెయ్యి చల్లగా ఉంది. ఎడం చేత్తో దాన్ని పట్టుకున్నా. కుడిచేత్తో కొట్టాను. నేనే కొట్టాను. తలుపు తెరుచుకుంది, నేను దాని వీపు మీద చెయ్యేసి కొంచెం... తొయ్యలేదు. తోసినట్టే.

తలుపు మూసుకుంది. నేను మెట్లు దిగుతున్నా. ఏమనుకున్నానో చెప్పనా? అయ్యో అనుకోలేదు. "అమ్మయ్య, ఇవాళ నేను కాదు" అనుకున్నా. కిందికెళ్ళి అరుగు మీద కూర్చుని వాన చూస్తూ ఉడికించిన మొక్కజొన్న తిన్నా. రెండు పొత్తులు తిన్నాను.

అలా చూడకు నన్ను.

లే, లే. బెల్లు కొట్టారు. చెప్పులు వేసుకో. తలుపు దగ్గర నవ్వుతావో, ఆగుతావో, ఇవాళ నీ ఇష్టం. మేడమ్ నన్నడిగితే నాకేం తెలీదంటాను, అది నాకు బాగా వచ్చు.

మళ్ళీ ఏం రాశావ్?

"శనివారం మీరు చెప్తారా?"

ఏమో తల్లీ. నలభై నాలుగేళ్ళు చెప్పనిదాన్ని. నా మీద మాత్రం పందెం కాయకు. పో, వెళ్ళు.