ఐదున్నర మీద పెట్టిన బ్రేకు

చెప్పండి చూద్దాం: గుర్రాలెక్కిన ట్రెయిలర్ కొండ దిగుతుంటే దాన్ని ఆపేది ముందున్న పికప్ చక్రాలా, ట్రెయిలర్ సొంత చక్రాలా?

"రెండూనూ," అంది ఇంగ్రిడ్.

బాగా చెప్పావు. వైలీ, గోళ్లు కొరకడం ఆపి ఇటు విను. మధ్యాహ్నం మీ అమ్మ ఆ చూలు గుర్రాలు రెండింటినీ ఎక్కించుకుని బిగ్‌హార్న్ కొండ దిగుతుందని నీ బెంగ. నాకు లేదు. ఎందుకంటే బ్రేకు పెట్టింది నేను.

పికప్‌లో స్టీరింగ్ పక్కన ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పట్టే చిన్న మీట ఉంటుంది, చూశావుగా. ట్రెయిలర్ తీగ పికప్‌కి గుచ్చగానే, ఆ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె ఒకటి దాని దగ్గర వెలుగుతుంది. చదును రోడ్డు మీద పాతిక మైళ్ల వేగంతో పోతూ మీట నొక్కాలి. ట్రెయిలర్ చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతే అంకె తగ్గించు, ట్రెయిలర్ మనల్ని ముందుకు నెడితే పెంచు. ఇంతే పాఠం. మొదటిసారే నాకు ఒక్క నొక్కుడుకి కుదిరింది, చేతిలో కాఫీ చుక్క తొణకలేదు.

"తొణికి ఒళ్లంతా కాలిందని అమ్మ చెప్పింది, అమ్మమ్మా," అంది ఇంగ్రిడ్.

అది వేరే కాఫీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదే ఏడాది ఆరు గుర్రాలతో కొండ దిగుతున్నాను, పికప్ బ్రేకులు పొగలు కక్కుతున్నాయి, సరేలే అని మీట నొక్కాను, ట్రెయిలర్ ఆగింది, వెనక వస్తున్న పాల లారీ కూడా ఆగింది, దాన్ని ఎవరూ ఆపమనలేదు. ఇంకాస్త నొక్కితే పైనుంచి దొర్లుతున్న బండరాయి గాల్లోనే నిలబడి, ఇక నేను పోవచ్చా అన్నట్టు నా వైపు చూసింది. ఇంకా నొక్కాను. పౌడర్ నది ఆగిపోయింది, చేపలు కాస్త ముందుకు తూలాయి, అంతే. చివరికి సూర్యుడు కూడా పడమట అరచేయి ఎత్తున నిలిచిపోతే, పక్క కౌంటీ వాళ్లు ఫోన్ చేసి, "టీచరమ్మా, ఆ మీట మీద చేయి తియ్యండి, మా కోళ్లు గూటికి పోవడం లేదు" అని బతిమాలారు.

ఇంగ్రిడ్ పడీ పడీ నవ్వింది. వైలీ నవ్వలేదు.

"ఇవాళ అంకె ఎంత పెట్టావు?" అన్నాడు.

ఐదున్నర. పొద్దున్నే మూడుసార్లు పోయి చూసి మరీ పెట్టాను.

"అప్పుడు గుర్రాలు లోపల ఉన్నాయా?"

ముప్ఫై ఏళ్లు బళ్లో నేను పిల్లల్ని ప్రశ్నలడిగాను, ఇలాంటిది ఒక్కటీ అడగలేదు. చూలుతో ఉన్నాయి కదా, ఆ కుదుపులకి బెదురుతాయని వాటిని కొట్టంలోనే ఉంచాను. ఇక్కడ మాకందరికీ గుర్రం సుఖమే ముందు, బండి తర్వాత.

లేవు, అన్నాను.

"అయితే ఖాళీ ట్రెయిలర్‌కి సరిపోయింది, గుర్రాల బరువుకి చాలదు. దిగుడులో అది అమ్మని నెట్టేస్తుంది."

లోపల వంటింట్లో మా అమ్మాయి కొరీన్ దారికి కాఫీ పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

ఇంగ్రిడ్, పో, గంట ఆలస్యమవుతుందని అమ్మతో చెప్పి తాళాలు పట్టుకురా. వైలీ, నువ్వు కొట్టం తలుపు తియ్యి. గుర్రాలని ఎక్కించుకుని మళ్లీ ఆ చదును రోడ్డు మీదికి పోవాలి నేను. పని సగమే అయింది.